'వృక్షవిశేషం' అని రాస్తే చాలదు

మన గోడపత్రికలో సామెతలు, పొడుపుకథలు, చిన్న కవితలు కలిపి వేసే మూలకి 'కదంబం' అని పేరు. రకరకాల పూలు కలిపి కట్టిన మాలనీ కదంబమే అంటాం. అందుకే కదంబం అంటే కలగలుపు అనుకునేదాన్ని. అదొక చెట్టు పేరని తెలుసు గానీ, ఎలాంటి చెట్టో తెలీదు. పరీక్షలో అర్థం అడిగితే 'వృక్షవిశేషము' అని రాశాను. మార్కు పడింది. టీకల్లో ఉండేదీ అదేగా!

ఈ వానల్లో మా ఇంటి దగ్గర పార్కులో ఒక చెట్టు కింద నారింజరంగు బంతులు రాలి కనిపించాయి. తోటమాలి తాతని అడిగితే "ఇదు కదంబ మర" అన్నారు. రోజూ దాని కిందనుంచే బస్సుకి వెళ్తున్నాను! ఆకు నా జానకంటే పెద్దది. బంతి ఒక పువ్వు కాదు, వందల చిన్న పూల గుత్తి. ఒక్కో పువ్వులోంచి సన్నటి తెల్లకాడ నిక్కి ఉంది. పులకరించిన ఒంటిని కవులు కదంబంతో ఎందుకు పోల్చారో అప్పుడు తెలిసింది. అంతవరకు ఆ పోలికని బట్టీ పట్టానంతే.

కదంబం కాఫీ కుటుంబంలోది. మన పెరటి నూరువరహాలూ అందులోదే. శాస్త్రంలో పేరు నియోలమార్కియా కదంబ. అచ్చతెలుగులో కడిమి. విశ్వనాథ సత్యనారాయణగారి 'కడిమిచెట్టు' నవల బనవాసి ఏలిన కదంబుల గురించే. వాళ్ల ఇంటి దగ్గర పెరిగిన కదంబం వల్లే వంశానికి ఆ పేరొచ్చిందని శివమొగ్గ జిల్లా తాళగుంద శాసనం చెబుతుంది. కన్నడనేలలో తెలుగు మాట్లాడే మనకి ఇంతకన్నా దగ్గరి చెట్టు ఏముంది?

సాహిత్యం వాళ్లకి బోటనీ ఎందుకని కొందరంటారు. చెట్టు తెలియకపోతే పోలిక సగమే అందుతుంది కదా! పైగా మా అవ్వకి తెలిసిన చెట్ల పేర్లలో సగం కూడా అమ్మకి రావు. అమ్మకి వచ్చినవి నాకు రావు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నామని సంతోషిస్తాం గానీ, పోతున్న మాటలు ఇవే.

అందుకే మేడమ్‌లకి, మీకు నా మనవి. పాఠంలో చెట్టో పువ్వో వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆకో ఫొటోనో తెచ్చి, కింద తెలుగు పేరు, కన్నడ పేరు రాసి ఇక్కడ అంటిద్దాం. మొదటిది నేనే తెచ్చాను. పక్కనున్న ఆకు ఆ చెట్టుదే. రాలిందే, కోయలేదు.