విదేశమందలి బిడ్డలు – తల్లుల ప్రయాణము

అబ్బాయి అమెరికాలో నున్నాడు, అమ్మాయి అమెరికాలో నున్నది, మమ్ము తమయొద్దకు పిలిపించుకొనుట కేమి యాటంకమని యడుగు తల్లులు నేడు మన గృహములలో పెక్కురు గలరు. ఆ బిడ్డ యచ్చట నే హోదాలో నున్నదీ మొదట తెలిసికొనవలెను. ఉద్యోగపు వీసాయా, గ్రీన్‌కార్డా, పౌరసత్వమా? ఈ యొక్క మాట బిడ్డ నడుగకయే ఏజెంట్లకు వేల రూపాయలు చెల్లించు సోదరీమణులను చూచినప్పుడు మాకు విచారము కలుగుచుండును.

హెచ్-1బి యను ఉద్యోగపు వీసాపై నున్నవారు భార్యను లేక భర్తను, 21 ఏండ్లు నిండని పెండ్లికాని బిడ్డలను మాత్రమే హెచ్-4 వీసాపై వెంట నుంచుకొనగలరు. గ్రీన్‌కార్డు వచ్చినవారును తల్లిదండ్రులకై అర్జీ పెట్టుటకు వీలులేదు. 21 ఏండ్లు నిండిన అమెరికా పౌరులకే యా హక్కు గలదు. అట్టి అర్జీలకు సాలునకిన్ని యను పరిమితి లేదు గనుక, పరిశీలనకు పట్టు కాలమే తప్ప వరుసలో నిలువ నక్కరలేదు.

ఇచ్చట మన స్త్రీలు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ చట్టము అత్తగారిని బంధువుగా నెంచదు. అల్లుడు పౌరుడైనను అత్తగారికై అర్జీ పెట్టజాలడు. కన్నకూతురే పెట్టవలెను, అందుకామె తాను పౌరురాలు కావలెను. మన యిండ్లలో తరచు జరుగునదేమి? భర్త పౌరసత్వము పొందును. భార్య పిల్లలతోను ఇంటిపనితోను తీరికలేక గ్రీన్‌కార్డుతోనే నిలిచిపోవును. కొన్నియేండ్లకు అతని తల్లి వచ్చి స్థిరపడగలదు, ఆమె తల్లికి దారి యుండదు. సాధారణముగా గ్రీన్‌కార్డు వచ్చిన 5 ఏండ్లకు, పౌరుడైన భర్తతో కలిసియున్నచో 3 ఏండ్లకే, స్త్రీ దరఖాస్తు చేసికొనవచ్చును. అమెరికా పౌరసత్వము స్వీకరించిన భారత పౌరసత్వము పోవును గనుక ఇది ఆలోచించి చేయవలసిన పనియే. ఆలోచించి మానినచో సరే; ఎవరును తలపెట్టక జరుగకపోవుట మాత్రము మాకు సమ్మతము కాదు.

అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును పౌరులు అర్జీ పెట్టవచ్చును. కాని యా తరగతికి సంఖ్యా పరిమితి కలదు, అందును ఒక్క దేశమునకు నూటికి 7 పాళ్లకు మించనీయరు. మనవారికి ఇరువదియేండ్ల వరకు నిరీక్షణ తప్పుటలేదు. ఈలోపల పసిబిడ్డలు 21 దాటి, తలిదండ్రులతో వెళ్లు యర్హతను పోగొట్టుకొనుట కలదు. దీనిని నమ్ముకొని ఇక్కడి చదువులు, సంబంధములు నిలుపుట తగదు.

కూతురి పురుటికో, మనుమని చూచుటకో పోవువారికి సందర్శకుల వీసా చాలును. వీసాపై 10 ఏండ్ల గడువు వ్రాసియున్నను, ఒక్కమారు ఉండదగిన కాలము దిగినచోట అధికారి నిర్ణయించును. సాధారణముగా 6 నెలలు. గడువు మీరి 180 దినములకు పైగా నుండి వెడలినవారికి 3 ఏండ్లు, ఒక సంవత్సరము మించినవారికి 10 ఏండ్లు మరల ప్రవేశము నిషిద్ధమగును. ఇక గ్రీన్‌కార్డు పొందిన తల్లి అచ్చటనే కాపురముండవలెను. అనుమతి పొందక ఏడాదికి మించి బయట నున్నచో ఆ కార్డుతో తిరిగి పోవుట కుదరదు. ఇచ్చట ఇల్లు, తులసికోట, ఇరుగుపొరుగు విడువలేని తల్లికి సందర్శకుల వీసాయే మేలని మా యభిప్రాయము.

పత్రములలో మనకు వచ్చు చిక్కు పేరుతోనే. బడిలో పుట్టింటి పేరు, ఆధారులో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు తుదకు చేరి, కూతురి జనన పత్రములో తల్లి పేరు “లక్ష్మమ్మ” యని, తల్లి పాస్‌పోర్టులో “మహాలక్ష్మి” యని యుండును. ఇరువురు నొకరేయని అధికారికి తెలియుటెట్లు? జనన నమోదు లేని పెద్దవారు మునిసిపాలిటీ లేక పంచాయతీ నుండి నమోదు లేదను పత్రమును తెచ్చుకొని, వారి పుట్టుక నెరిగిన బంధువుల ప్రమాణ పత్రములను జతపరుపవలెను. అట్టి యెరిగినవారు మేనత్తయో, పెదతండ్రియో అయి యుందురు; వారు జీవించి యుండగనే ఆ సంతకములు చేయించుకొనుడు.