కడిగే పని కుర్రాడిదేనా?

ఆదివారం పొద్దు వాలాక మా మనవడు బండి తెచ్చి వసారాలో పాత పేపరు మీద పెడతాడు. మూరెడు పొడవు, మూడు కిలోలు దాటిన బరువు. నాలుగు చక్రాలకూ డ్రైవ్, మూడు డిఫరెన్షియళ్లు, నాలుగు ఆయిల్ షాకులు, వెనక చిన్న రెక్క. రిమోట్‌తో నడిచే 1/8 స్కేల్ ఆఫ్‌రోడ్ బగ్గీ అది. ఊరి బయట నల్లరేగడి చదును చేసి, దిబ్బలు పోసి వేసిన ట్రాకు మీద పిల్లలూ పెద్దలూ కలిసి ఇలాంటివి పరిగెత్తిస్తారు. పొద్దున మెరుస్తూ వెళ్లిన బండి సాయంత్రానికి మట్టిముద్దలా తిరిగొస్తుంది.

మొన్న ఒక ఆదివారం మా అబ్బాయి అన్నాడు: "నాన్నా, ఎవరికైనా వందో రెండొందలో ఇచ్చి కడిగించరాదా? వాడికి తొమ్మిదో తరగతి. ఆ రెండు గంటలూ చదువుకుంటాడు." వాడు అన్నది చెడు ఉద్దేశంతో కాదు. కానీ ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 40 ఏళ్లు డీజిల్ పంపుల పని చేశాను. పదో తరగతి అయ్యాక షెడ్డులో చేరితే మొదటి ఏడాదంతా నాకు అప్పజెప్పింది ఒక్కటే పని, కడగడం. విప్పిన సామాను ట్రేలో వేసి డీజిలుతో కడిగి, బ్రష్షు పెట్టి, ఆరబెట్టి, వరసగా పేర్చాలి. షెడ్డులో అందరికంటే కిందివాడు కడిగే కుర్రాడు. అందరికంటే పైవాడు బెంచి దగ్గర నిలబడి పంపు ట్యూనింగ్ చేసే మేస్త్రి. టీ తెచ్చేది కూడా కడిగేవాడే. ఆ ఏడాది నాకు చాలా చిన్నతనంగా ఉండేది. తర్వాత మేస్త్రినయ్యాక తెలిసింది, పంపు ఎందుకు చెడిందో బెంచి చెప్పకముందే ట్రే చెప్పేస్తుందని. ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. అక్కడ పడిన సన్నటి గీత చేతిలో పట్టుకుని కడిగినవాడి కంటికే ముందు పడుతుంది.

కడగడం తక్కువ పని, ట్యూనింగ్ గొప్ప పని అనే లెక్క మన షెడ్లలోనే కాదు, ఇళ్లలోనూ బడుల్లోనూ పాతుకుపోయింది. అది తప్పు లెక్క. పిల్లల చేతికి యంత్రం ఇస్తే కడిగే పని కూడా వాళ్లకే ఇవ్వాలి.

ఒక రేసు సంగతి చెబుతాను. బండి కుడి మలుపు చక్కగా తీసుకుంటోంది. ఎడమ మలుపులో మాత్రం వెనక భాగం జారి గిర్రున తిరిగిపోతోంది. పిట్‌లో మనవడి చుట్టూ నలుగురు చేరారు. ఒకరు వెనక స్ప్రింగులు మెత్తవి వెయ్యమన్నారు, ఒకరు క్యాంబర్ లింకు రంధ్రం మార్చమన్నారు, ఇంకొకరు వెనక డిఫ్‌లో ఆయిలు పలచన చెయ్యమన్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, చెప్పిన మూడూ పనికొచ్చే సలహాలే. మూడూ చేశాడు. ఫైనల్లో ఎడమ మలుపులో నాలుగుసార్లు పల్టీ కొట్టి ఆఖరున వచ్చాడు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇద్దరం బండి విప్పాం. ఎడమ మలుపులో బరువంతా కుడి పక్కకు వస్తుంది కదా, అందుకని కుడి వెనక చక్రం దగ్గర మొదలుపెట్టాం. షాకు ఊడదీసి, చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్ పైకెత్తి వదిలితే అది తన బరువుకు తానే కిందికి జారాలి. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆర్మ్ మొదట్లో ఉండే సన్నటి ఉక్కు పిన్ను బయటికి లాగి అద్దం మీద దొర్లించాడు. టకటకమని ఎగిరింది. ఏ దిబ్బ మీద నుంచో పడ్డప్పుడు వెంట్రుకవాసి వంగింది. కంటికి ఆనదు. ఆ వంపు దగ్గర రేగడి చేరి ఎండి సిమెంటులా గట్టిపడింది. చక్రం గుంతలోకి దిగాల్సినప్పుడు దిగడం లేదు. టైరుకు నేలే అందనప్పుడు స్ప్రింగు మార్చి ఏం లాభం? వారం ముందు బండి సరిగ్గా కడిగి ఉంటే ఆ పిన్ను అప్పుడే దొరికేది. ఆ వారం పరీక్షలని బండి సంచిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు వాడి వరస ఇలా ఉంటుంది. ముందు బ్యాటరీ తీస్తాడు. తడి మట్టి ఉంటే ముట్టుకోడు, ఆరనిస్తాడు, ఎందుకంటే తడి రేగడిని తుడిస్తే అది సందుల్లోకి ఇంకా పాకుతుంది. ఆరాక గట్టి బ్రష్షుతో పెచ్చులు రాలుస్తాడు, తర్వాత మెత్తటి పెయింటు బ్రష్షు, పాత టూత్ బ్రష్షు. నీళ్ల పైపు దగ్గరికి తీసుకుపోడు. సబ్బునీళ్లు చల్లాల్సి వస్తే సర్వో, రిసీవర్, స్పీడ్ కంట్రోలర్ విప్పి పక్కన పెట్టాకే.

గాలి విషయంలో మొదట్లో నేను ఒక తప్పు చేశాను. షెడ్డు అలవాటు కొద్దీ బండిని కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లి, నాజిల్ దగ్గరగా పెట్టి హబ్బుల్లోకి గాలి కొట్టాను. పైకి తళతళలాడింది. రెండో వారానికి మూడు బేరింగులు గరగరమన్నాయి. వాటికి ఉన్నది సన్నటి రేకు మూత మాత్రమే. ధూళిని బయటికి పంపాననుకుని లోపలికే తోశాను. లారీ హబ్బుకి చెల్లిన పద్ధతి 16 మిల్లీమీటర్ల బేరింగుకి చెల్లదని ఈ వయసులో నేర్చుకున్నాను. ఇప్పుడు గాలి దూరం నుంచి, అదీ బ్రష్షు పని అయ్యాకే. ఆ బేరింగు నంబరు 688: లోపల 8, బయట 16, మందం 5 మిల్లీమీటర్లు. టౌన్లో బేరింగుల కొట్టుకెళ్లి నంబరు చెబితే ఇస్తారు, దాని మీద రేసు కారు బొమ్మ ఉండక్కర్లేదు. వాడు ఒక్కో బేరింగునీ వేలికి తొడిగి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతాడు. శబ్దం లేకుండా తిరిగితే నూనె చుక్క వేసి మళ్లీ బిగింపు, ఇసుక నలిగినట్టు వినిపిస్తే పక్కకు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని డిఫ్ విప్పడం. లారీ డిఫరెన్షియల్‌లో గేర్ ఆయిలు పళ్లు అరగకుండా కాపాడడానికి. ఈ బండిలో ఆయిలే పనిమంతుడు. సిలికాన్ ఆయిలు చిక్కగా ఉంటే రెండు వైపులా చక్రాలు కలిసి తిరగడానికి చూస్తాయి, పలచగా ఉంటే ఎవరి దారి వారిది. మా బండిలో ముందు 5000, మధ్య 5000, వెనక 3000. ఆ అంకెలు చిక్కదనానివి. మధ్య డిఫ్ మరీ పలచనైతే దిబ్బ ముందు గట్టిగా యాక్సిలరేషన్ ఇచ్చినప్పుడు ముందు చక్రాలు తేలిపోయి గాల్లో తిరుగుతాయి, బలమంతా అక్కడే పోతుంది. తేటగా పోసిన ఆయిలు కొన్ని రేసుల తర్వాత బూడిదరంగులో బయటికొస్తుంది. ఆ బూడిద పళ్ల నుంచి రాలిన లోహం. చిక్కదనం మారిపోయిన ఆయిలు లోపల పెట్టుకుని పైన స్ప్రింగులు మార్చడం, జ్వరం చూడకుండా చొక్కా మార్చడం లాంటిది. మళ్లీ నింపేటప్పుడు అంచుదాకా పోయకూడదు, వేడికి ఆయిలు పెరుగుతుంది కాబట్టి కాస్త చోటు వదలాలి. మనవడు వంటింటి చిన్న త్రాసు మీద పెట్టి ప్రతిసారీ ఒకే బరువు వచ్చేలా పోస్తాడు. నేను చెప్పింది కాదు, వాడికే తట్టింది.

షాకులదీ అదే కథ. నాలుగూ బిగించే ముందు రెండు ముందువీ రెండు చేతుల్లో పట్టుకుని ఒకేసారి నొక్కి వదలాలి, తర్వాత వెనకవి. జంట ఒకే వేగంతో లేవకపోతే ఒకదాంట్లో గాలి చేరిందనో, సీలు కారుతోందనో అర్థం. మా బెజవాడ ఎండలకు షాకు ఆయిలు పలచబడుతుంది. జనవరిలో కుదిరిన ఆయిలు మే నెలలో కుదరదు, ఒక మెట్టు చిక్కది వెయ్యాలి. పంపుల బెంచి మీద టెస్ట్ ఆయిలు 40 డిగ్రీల దగ్గర నిలిస్తేనే మేం కొలత తీసేవాళ్లం. వాడు నోటుబుక్కులో ఆ రోజు ఎండ కూడా రాస్తాడు. ఒకసారికి ఒకే మార్పు, మార్చాక అయిదు ల్యాపులు, చూసింది రాయడం. ట్యూనింగ్ అంటే నా దృష్టిలో ఇంతే. కానీ నాలుగు చక్రాలూ నిజంగా ఆరోగ్యంగా ఉన్నాయని తెలిసిన బండి మీదే ఆ రాతకు విలువ.

బ్యాటరీ గురించి మాత్రం పెద్దలు పక్కన ఉండాలి. లిథియం పాలిమర్ సెల్లు నిండితే 4.2 వోల్టులు. అలాగే వారం దాచకూడదు, 3.8 దగ్గరికి దించి దాచాలి. ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, ఛార్జింగు పెట్టి నిద్రపోకూడదు. ఇందులో బేరం లేదు.

ఈ బండి ఖరీదైనదే, ఒప్పుకుంటాను. ప్రతి ఇంట్లో కొనమని నేను చెప్పను. కానీ ఒక బడికి ఒకటి చాలు. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం, బడికి 20 లక్షల దాకా సాయంతో. ఇంకో 50,000 ల్యాబులు ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి పని, పెట్టాలి. నన్ను ఒక బడివాళ్లు తమ ల్యాబు చూడ్డానికి పిలిచారు. పిల్లలు చేసిన రోబో అద్దాల బీరువాలో ఉంది, చక్రం తీగ ఊడి. ఎప్పుడు ఊడిందంటే ఎవరికీ తెలియదు. ప్రదర్శన అయిపోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తయారుచేయడం నేర్పారు, చేసినదాన్ని నడుపుతూ ఉంచడం నేర్పలేదు. ఆ ల్యాబులో ఒక ఆఫ్‌రోడ్ బండి, అరగని అలెన్ కీల సెట్టు, నాలుగు బ్రష్షులు, ఒక నోటుబుక్కు పెట్టి చూడండి. శనివారం మైదానంలో పరిగెత్తించాలి, సోమవారం విప్పి కడగాలి. ముప్పై మంది పిల్లలు వంతులవారీగా. నడిపినవాడే కడగాలి. మార్కులిస్తే కడిగినప్పుడు ఏం కనిపెట్టారో దానికివ్వాలి.

విప్పి కడిగితే చాలదు, చెడిన ముక్క దొరకాలి కూడా. ప్రభుత్వం 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు సాగు యంత్రాలు, ఫోన్లు ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. ఆటవస్తువులు అందులో లేవు. ఉండాలంటాను. మనిషి మొదటిసారి విప్పి చూసేది ఆటబొమ్మనే. బజారులో దొరికే రిమోట్ కార్లలో చాలావాటికి విడిభాగమంటూ ఉండదు, ఒక గేరు పన్ను విరిగితే చెత్తబుట్టే. రేసు బండ్ల సంప్రదాయం దానికి పూర్తిగా ఎదురు. 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ వాళ్ల ఆర్‌సీ10 వచ్చింది. అల్యూమినియం ఛాసీ, ఆయిలు షాకులు, అన్నీ విడివిడి ముక్కలుగా పెట్టెలో. కొన్నవాడే కూర్చుని బిగించుకోవాలి. అలా బిగించినవాడికి ఏది విరిగినా ఏ ముక్క కొనాలో తెలుస్తుంది.

మా అబ్బాయికి నేను జవాబేమీ చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఒక స్టూలు వేసి, వాణ్ని కూడా వసారాలో కూర్చోబెట్టాను. మనవడు కుడి ముందు హబ్బు విప్పి బేరింగు తండ్రి చెవి దగ్గర పెట్టి తిప్పాడు. "వినిపిస్తోందా నాన్నా?" లేదన్నాడు. పక్కనున్న మంచిది పెట్టి తిప్పాడు, మళ్లీ మొదటిది. మూడోసారికి మా అబ్బాయి ఫోను పక్కన పెట్టి బేరింగు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ పేపరు మీద రెండు 688లు పక్కకొచ్చాయి. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగి తెస్తానన్నాడు. నంబరు చీటీ మీద రాసిచ్చాను.