బూడిద సిమెంటుది తప్పు కాదు.. నీళ్లు కొట్టకపోవుడే తప్పు

బోరబండ గల్లీల్ల ఇల్లు కట్టేటోళ్లను అడిగి సూడుండ్రి. "బూడిద కలిపిన సిమెంటు వద్దు, ఓపీసీ బస్తానే తేండ్రి" అంటరు. బూడిద కలిసిందంటే కల్తీ అని మనోళ్ల లెక్క. కానీ సముద్రం పక్కన ఎక్కువ కాలం నిలిచేది గా సిమెంటే.

ఉప్పునీళ్లల్ల ఉండే క్లోరైడ్ కాంక్రీటుల సన్నని రంధ్రాల గుండ రాడ్డు దాక పోతది. రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతది, పైన పెచ్చులూడుతయి. రామగుండం అసొంటి కరెంటు ప్లాంట్ల బూడిదనో, విశాఖ ఉక్కు కొలిమిల నుంచి వచ్చే స్లాగో కలిస్తే ఆ రంధ్రాలు ఇంక సన్నగైతయి. ఉప్పు లోపలికి పోవుడు తగ్గుతది. మన కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 కూడ సముద్రం కాడ స్లాగ్, పొజోలానా సిమెంట్లు మేలనే చెప్తది.

భూమికి కూడ లాభమే. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేసేటప్పుడే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వస్తది. పీపీసీల 35 శాతం దాక బూడిద, స్లాగ్ సిమెంటుల 70 శాతం దాక స్లాగ్ కలుపొచ్చు. అంత క్లింకర్ మిగిలినట్టే. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంటుకు 2023ల భారత ప్రమాణం వచ్చింది. క్లోరైడ్‌ను ఆపుట్ల ఇది గట్టిదని పరీక్షల్ల తేలింది. అయితే స్లాగ్‌కున్నంత సముద్రపు అనుభవం దీనికింక లేదు.

మరి కిరికిరి ఎక్కడున్నది? ఈ సిమెంట్లు నిమ్మలంగ గట్టిపడుతయి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, కలిపిన సిమెంట్లకు ఎండల్ల 14 రోజుల దాక నీళ్లు కొట్టుమంటది కోడ్. శాన సైట్ల మీద మూడు నాలుగు రోజులకే పైపు చుట్టి పక్కకు పెడుతరు. నీళ్లు సాలకపోతే రంధ్రాలు అట్లనే ఉంటయి. అప్పుడు సముద్రం కాడ ఉప్పు పోతది, హైదరాబాద్ అసొంటి కాడ గాలిల కార్బన్ డయాక్సైడ్ పోతది. రెండింటితోని రాడ్డుకే దెబ్బ. ఆఖరికి నింద మాత్రం బూడిద మీద పడుతది.

బందరుల 2023ల పోర్టు పనులు మొదలైనయి. తీరం పొంటి ఇంక కట్టుడున్నది. టెండర్ల సిమెంటు పేరు రాస్తే సరిపోదు. నీళ్లు కొట్టే 14 రోజుల కూలి కూడ వేరేగ రాయాలె, రోజువారీ లెక్క పెట్టాలె. సెంట్రింగ్, స్లాబు పనులకు పోయే తమ్ముళ్లూ, మీ ఊర్ల బడికో, వాటర్ ట్యాంకుకో స్లాబు పడ్డంక ఒక్కటే అడుగుండ్రి: నీళ్లు ఎన్ని రోజులు కొట్టిండ్రు?