రికార్డు పెద్దవాళ్లది, ఫోను కొడుకుది

విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో 60 దాటిన కౌలు రైతు, కూలీల ఇళ్లలో ఆరోగ్య రికార్డు అంటే మేకుకు తగిలించిన ప్లాస్టిక్ సంచి. బీపీ చీటీ, షుగరు పరీక్ష కాగితం, పాత ఎక్స్‌రే అన్నీ అందులోనే. ఆ సంచి చోటికి ఇప్పుడు 14 అంకెల ఆభా నంబరు వస్తోంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను కేంద్రం 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చింది. ఏ ఆసుపత్రికి వెళ్లినా పాత పరీక్షలు ఫోనులో చూపించవచ్చునన్నది ఉద్దేశం. మంచిదే. నెల్లూరులో తీసిన స్కానింగును చెన్నైలో మళ్లీ తీయించడం తప్పితే అంతకన్నా కావలసిందేముంది?

కానీ ఆ ఫోను ఎవరి దగ్గరుంది? ఆధార్‌కు లింకైన నంబరు చాలామందికి కొడుకుదో, కోడలిదో, రీఛార్జి లేక ఎప్పుడో పోయిన సిమ్ముదో. ఓటీపీ చెన్నైలో మోగుతుంది, ముసలాయన ఇక్కడ ఓపీ లైన్లో నిలబడి ఉంటాడు. పోనీ వేలిముద్ర వేద్దామంటే, నలభై ఏళ్లు నాట్లేసి, కోతలు కోసి, రొయ్యల గుంటల్లో సున్నం చల్లిన చేతులకు గీతలెక్కడ మిగిలాయి? రేషను దగ్గర, పింఛను దగ్గర చూస్తూనే ఉన్నాం.

పైగా నంబరు వచ్చినంత మాత్రాన పాత చీటీలు వాటంతట అవే అందులోకి రావు. ఆసుపత్రి వాళ్లు కంప్యూటర్లో ఎక్కించి ఆ నంబరుకు కలిపితేనే కనబడతాయి. ఇది విడమరిచి చెప్పేవాళ్లు లేరు. ఆశా కార్యకర్తలు చెప్పాలంటారేమో, వాళ్ల నెత్తిన ఇప్పటికే ఎన్ని యాప్‌లున్నాయో లెక్కపెట్టమనండి.

ఆన్‌లైన్ రికార్డు సంగతి రైతులకు కొత్త కాదు. అడంగల్లో ఒక్క పేరు తప్పు పడితే సరిచేయించడానికి చెప్పులు అరిగేలా తిరిగాం. అయినా అడంగల్ తెలుగులో ఉంటుంది, తప్పు మన కంటికి ఆనుతుంది. ఇంగ్లీషులో ఉన్న ల్యాబు రిపోర్టులో తప్పు ఎవరు పట్టాలి? భూమి రికార్డు తప్పితే అప్పు పుట్టదు. మందు తప్పితే మనిషే దక్కడు.

ఆభా తీసుకోవడం మన ఇష్టం. అది లేదని వైద్యం చేయననకూడదు. మన అనుమతి లేకుండా రికార్డు ఇంకొకరికి చూపకూడదు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. ఎందుకో చెప్పకుండా ఓటీపీ అడిగితే ఎవరికీ ఇవ్వకండి.

ప్రతి పరీక్ష ఫలితం తెలుగులో, కాగితం మీద కూడా ఇవ్వాలని మన సంఘం కోరుతోంది. పెద్దవాళ్లకు ఆధార్‌లో ఫోను నంబరు మార్పు ఊరి సచివాలయంలోనే, ఫీజు లేకుండా జరగాలి. వచ్చే శాఖా సమావేశానికి ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు ఏ నంబరుందో కనుక్కుని రండి. జాబితా కట్టి జిల్లా వైద్యాధికారులకు ఇద్దాం.