సంతకం సరే, ధ్రువీకరణ ఎప్పుడు?

కేంద్ర హోం మంత్రి గారికి,

చిత్రహింసల నిరోధానికి ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒడంబడికపై మన దేశం 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది. ధ్రువీకరణ మాత్రం నేటికీ లేదు. నేపాల్ 1991లో, శ్రీలంక 1994లో, బంగ్లాదేశ్ 1998లో, పాకిస్తాన్ 2010లో అందులో చేరిపోయాయి. ఈ పోలిక మీకు రుచించదని తెలుసు. నాకూ రుచించడం లేదు.

చేరితే ఏమవుతుంది? జెనీవాలో పదిమంది నిపుణుల కమిటీ ముందు కూర్చోవాలి. బంగ్లాదేశ్ తొలి నివేదికను ఇరవై ఏళ్లు ఎగ్గొట్టి, చివరికి 2019లో కూర్చుంది. ఒకరోజు ప్రశ్నలు, మర్నాడు జవాబులు. సర్కారు నివేదికతోపాటు హక్కుల సంఘాలు పంపిన నివేదికలూ సభ్యుల ముందుంటాయి. కస్టడీలో ఎందరు చనిపోయారు, ఎందరు పోలీసులకు శిక్ష పడిందని అడిగితే, చట్టం తన పని తాను చేసుకుపోతుందంటే కుదరదు. ఆ రెండు రోజులతో బంగ్లాదేశ్ ఠాణాలు మారిపోయాయని నేననను. కమిటీకి ఎవర్నీ శిక్షించే అధికారమూ లేదు. కానీ చెప్పిన జవాబు రికార్డుకెక్కుతుంది. మరోసారి సమీక్షకు వచ్చినప్పుడు అదే ముందుపెట్టి నిలదీస్తారు.

ఆ కమిటీ ముందుకు కాక, మనం వెళ్లేది ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒకదాన్నొకటి ప్రశ్నించుకునే సార్వత్రిక సమీక్షకు. చిత్రహింస మన సంస్కృతికే పరాయిదని 2017 మేలో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ అక్కడే చెప్పారు. ఒడంబడికకు కట్టుబడి ఉన్నామనీ అన్నారు. 2022లో ధ్రువీకరణ సంగతి మళ్లీ అడిగించుకుని వచ్చాం.

మనకున్న చట్టాలు చాలవా అంటారు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఠాణాల్లో సీసీ కెమెరాలు ఎక్కడెక్కడ ఉండాలో జాబితా ఇచ్చింది: గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఆఖరికి మరుగుదొడ్ల బయట కూడా. ఎందుకో మీకు చెప్పాలా? 'బాత్రూంలో జారిపడ్డాడు' అన్న మాట లాకప్ డెత్ వార్తలు చదివేవాళ్లకు కంఠతా వచ్చేసింది. ఆ కెమెరాలు పనిచేయడం లేదని 2025 సెప్టెంబరులో అదే కోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది.

హక్కుల మాట మీకు నచ్చకపోతే దేశభద్రత మాటే ఎత్తుకుందాం. 1995 డిసెంబరులో పురూలియాలో విమానంలోంచి ఆయుధాలు జారవిడిచిన కేసు గుర్తుందిగా. నిందితుడు కిమ్ డేవీని అప్పగించడానికి డెన్మార్క్ కోర్టులు 2011లో ఒకసారి, 2024లో మరోసారి ససేమిరా అన్నాయి. మన దగ్గరకు పంపితే చిత్రహింసలు పెడతారేమోనన్నదే వాటి అభ్యంతరం. ఠాణాల్లో మనం దాచిపెట్టేది నిందితుడికి అక్కడ రక్షణకవచమైంది.

ధ్రువీకరణకు కావాల్సిన చిత్రహింసల నిరోధక బిల్లు కొత్తగా రాయనక్కర్లేదు. 2010లో లోక్‌సభ ఒకటి ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని సవరించింది కూడా. 2014లో అది మురిగిపోయింది. 2017 అక్టోబరులో లా కమిషన్ 273వ నివేదికతోపాటు బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది. దాన్ని వచ్చే సమావేశాల్లోనే సభ ముందు పెట్టండి. పెట్టే ఉద్దేశం లేకపోతే, ఎందుకు లేదో పార్లమెంటులో చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు