నీటి అడుగున ఉపాధ్యాయుడు

గత విద్యాసంవత్సరం చివరలో మన కళాశాల బి.ఎస్సీ. విద్యార్థి ఒకడు సిఫారసు పత్రం కోరుతూ మా వద్దకు వచ్చాడు. ఉద్యోగానికో, ఎం.ఎస్సీ. ప్రవేశానికో కాబోలుననుకున్నాము. అండమాన్ దీవులకు పోయి స్కూబా డైవింగ్ నేర్చి, కాలక్రమాన ఆ విద్యకు శిక్షకుడు కావాలన్నది అతని కోరిక. అధ్యాపకుల గదిలో నవ్వులు వినిపించాయి. “గోతాఖోర్ కావడానికి డిగ్రీ ఎందుకు మియా?” అని పెద్దలొకరు చమత్కరించారు. నవ్విన వారిలో మేమూ ఉన్నామని ఒప్పుకోక తప్పదు. పత్రం ఇవ్వలేదు, ఆలోచించి చెబుతామన్నాము. ఆ ఆలోచనను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడం మా విధి అని తోచినది.

ఆ నవ్వుకు కారణం లేకపోలేదు. మన ప్రాంతంలో నీట మునిగేవాడంటే గజ ఈతగాడే గుర్తుకు వస్తాడు. చెరువులోనో బావిలోనో ప్రమాదం జరిగితే పోలీసులు కబురంపగా వచ్చేవాడు, పుష్కరాల వేళ ఘాట్ల దగ్గర పడవలో కాపలా కూర్చునేవాడు అతడే. పని ముగిసిన మరుక్షణం అతనిని అందరూ మరచిపోతారు. అతని ధైర్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే అతని విద్య ఊపిరి బిగబట్టే విద్య. స్కూబా విద్యలో మొదటి సూత్రం దీనికి సరిగ్గా విరుద్ధమైనది: ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు.

ఎందుకో చెప్పడానికి భౌతికశాస్త్ర పండితులు అక్కరలేదు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. కనుక 10 మీటర్ల అడుగున పీడనం ఉపరితలం మీది కంటె రెట్టింపు. అక్కడ సిలిండరు గాలిని నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి లేచినవాని ఛాతీలో ఆ గాలి రెండింతలు కాజూస్తుంది, ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఇదే బాయిల్ నియమం. ఇంటర్మీడియట్‌లో దానిని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్న మన పిల్లలలో ఎందరికి అది ప్రాణానికి సంబంధించిన నియమమని తెలుసు? లోతున రక్తంలో కరిగిన నత్రజని, తొందరగా పైకి వచ్చినవాని ఒంట్లో బుడగలై కీళ్ళను, నరాలను బాధించడం మరొక ప్రమాదం. నెమ్మదిగా, మజిలీలుగా పైకి రావలసిన లెక్కలను బ్రిటన్‌లో హాల్డేన్ 1908లోనే ప్రకటించాడు. పీల్చినపుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి తగినట్లు గాలినిచ్చే పరికరాన్ని ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు 1943లో రూపొందించారు. నేటి స్కూబా అంతా దాని సంతతే.

శిక్షకుడయ్యే దారి ఎటువంటిదో విచారించాము. 1966లో అమెరికాలో ఏర్పడిన ప్యాడీ అనే సంస్థ మార్గమే మన దేశంలో ఎక్కువగా వినబడుతున్నది. మొదట తాను నేర్చుకోవాలి. తరువాత ఇతరులను రక్షించడం నేర్చుకోవాలి. ఆ పిమ్మటనే వృత్తిలో తొలి మెట్టయిన డైవ్‌మాస్టర్ శిక్షణ. దానికి 18 ఏళ్ళు నిండాలి, వైద్యుని సంతకం ఉండాలి, 40 డైవ్‌లు చేసి ఉండాలి. ముగిసేనాటికి అవి 60 కావాలి. 400 మీటర్లు ఏ ఉపకరణం లేకుండా ఈదాలి, 15 నిమిషాలు నీటిపై తేలాలి, అలసిన మనిషిని 100 మీటర్లు లాక్కురావాలి. ఇద్దరు ఒకే గొట్టం నుండి వంతులవారీగా గాలి పీలుస్తూ, తమ సామగ్రిని నీటి అడుగుననే ఒకరికొకరు మార్చుకోవాలి. చదవడానికిది సర్కసు వలె కనబడుతుంది. ఊపిరికి ఇబ్బంది కలిగినవేళ బుద్ధి స్థిరంగా ఉంటుందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. శిక్షకుని పరీక్షకు కూర్చునే నాటికి 100 డైవ్‌లు పూర్తికావాలి.

మమ్ము ఆకర్షించినది మాత్రం ఈ అంకెలు కావు. నీటి అడుగున గురువుకు గొంతు లేదు. మేము గొంతుతో బ్రతికేవారము. ఒక గంటసేపు నోరు మెదపకుండా పాఠం చెప్పమంటే మా సంగతి ఏమవుతుంది? అక్కడ ప్రతిదీ చేతిసైగ. బొటనవ్రేలు పైకెత్తితే మనవలె “భేష్” అని కాదు, “పైకి పోదాం” అని అర్థం. కళ్ళద్దాల ముసుగులో నీరు చేరితే ఎలా తొలగించాలో గురువు అతి నెమ్మదిగా, ఒక్కొక్క అంగమూ విడివిడిగా చేసి చూపాలి. ఆపైన శిష్యుని కళ్ళను చూడాలి. కళ్ళు పెద్దవైనాయా, బుడగలు వేగంగా వస్తున్నాయా, చేతులు తడబడుతున్నాయా అని గమనించాలి. చివరి పరీక్షలో సాటి అభ్యర్థులే శిష్యులుగా నటిస్తారు. వారిలో ఎవరో ఒకరు కావాలనే తప్పు చేస్తారు. ఏ తప్పో అభ్యర్థికి తెలియదు. దానిని పట్టుకొని సరిదిద్దలేకపోతే తప్పాడన్నమాటే. పరీక్షించేవాడు అతనికి శిక్షణ ఇచ్చినవాడు కాడు. సంస్థ పంపగా వచ్చిన వేరొకడు.

మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివి, ఇంటర్వ్యూలో కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి, పాఠం చెప్పడానికి నిలబడ్డాము. మా ముందు కూర్చున్నవారిలో పాఠం అందనివాడెవడో మేము గుర్తించగలమా అని నాటినుండి నేటివరకు ఎవరూ మమ్ము పరీక్షించలేదు.

సముద్రానికి, మనవారికి ఏమి సంబంధం అని ఒక మిత్రుడు అడిగాడు. మన ఇళ్ళనుండి ఎందరో వలసపోయిన గల్ఫ్ దేశాలలో చమురు బయటపడక ముందు ముత్యాల వేటయే జీవనాధారం. మునిగేవానిని గైస్ అనేవారు. పడవ మీద అతని తాడు పట్టుకొని సమయానికి పైకి లాగేవాడు సైబ్. శిక్షకుని వృత్తిలో సైబ్ పాలే ఎక్కువ అని మేమనుకుంటున్నాము.

కష్టాలు దాచరాదు. శిక్షణ, సామగ్రి ఖరీదైనవి. రుతుపవనాల నెలలలో అండమాన్‌లో పని పలచబడుతుంది. ప్రవేశం నుండి శిక్షకత్వం దాకా కొద్ది నెలలలోనే చేర్చే దగ్గరి దారులు కూడ ఉన్నాయి. ఒకే రేవులో, ఒకే ఎండలో నూరుసార్లు మునిగినవానికి నూరు అనుభవాలున్నట్లా? వెరసి ఒకే అనుభవం నూరుసార్లు కావచ్చు. పరిచయానికై తొలిసారి మునిగేవారిని ఒక్క శిక్షకుడు సముద్రంలో నలుగురికి మించి తీసుకుపోరాదని నిబంధన. పడవ యజమాని “ఈ ఒక్కసారికి ఆరుగురిని తీసుకుపో” అంటే, జీతమిచ్చేవాని ముఖం చూచి “కుదరదు” అనగలగాలి. ఇరవై రెండేళ్ళ యువకునికి ఇది లోతుకు దిగడం కంటె కష్టం. కనుక ఒకటి రెండు సీజన్లు డైవ్‌మాస్టర్‌గానే పనిచేసి, ఆ తరువాత శిక్షకుని పరీక్షకు పొమ్మని మా విద్యార్థికి చెప్పాము.

కమిటీ పెద్దలకు ఒక మనవి. సముద్రాన్ని కళాశాలకు తెమ్మనడం లేదు. మన విద్యార్థులలో ఈత వచ్చినవారు ఎందరు? ఈ అబ్బాయికి వచ్చు, ఊరి బావిలో నేర్చుకున్నాడు. పట్నంలో పుట్టిన పిల్లలకు బావి ఏది? మునిసిపల్ ఈత కొలనుతో మాట్లాడి వారానికి రెండు గంటలు, బాలికలకు వేరుగా రెండు గంటలు ఏర్పాటు చేయించవచ్చు. ఆగిన శ్వాసను తిరిగి రప్పించే ప్రథమ చికిత్సను ఏటా ఒక రోజు వైద్యులతో నేర్పించవచ్చు. వార్షికోత్సవానికి వేసే షామియానా ఖర్చు కంటె ఇది ఎక్కువ కాబోదు.

సిఫారసు పత్రం చివరకు రాసి ఇచ్చాము. రాసేముందు ఆ అబ్బాయి ఎటువంటివాడని రసాయనశాస్త్ర శాఖ వారిని అడిగాము. అతడు మార్కులలో మధ్యముడట. ఒకనాడు ప్రయోగశాలలో రెండు బల్లల అవతల జూనియర్ ఒకడు ఆమ్లం సీసాను తడబడుతూ పట్టుకొనగా, అధ్యాపకునికంటె ముందు చూచి వెళ్ళి చేయి పట్టుకొన్నది ఇతడేనట. మార్కుల సంగతి వదలి, ఆ ఒక్క సంగతినే పత్రంలో రాశాము.