మీనా నగకు వెల యెంత?

బంగారు, వెండి నగలను కుదువ పెట్టుకొని ఇచ్చు అప్పులను గూర్చి రిజర్వు బ్యాంకు 2025 జూన్ మాసమున కొత్త ఆదేశములను వెలువరించినది. 2026 ఏప్రిల్ 1వ తేదీ నాటికి అప్పు ఇచ్చు సంస్థలన్నియు వానిని అమలులో పెట్టవలెనని గడువు విధించినది. సొంత అవసరములకై తీసికొను అప్పు రెండున్నర లక్షల రూపాయల లోపున ఉన్నచో నగ విలువలో నూటికి 85 వంతుల వరకు, ఐదు లక్షల లోపున 80 వంతుల వరకు, అంతకు మించినచో 75 వంతుల వరకు ఇయ్యవచ్చునన్న అంశమును పత్రికలు విశేషముగా చర్చించినవి. అది చర్చింపదగినదే. కాని అవే ఆదేశములలో మరియొక నియమము కలదు. దానిని గూర్చి మాటలాడినవారు తక్కువ. నగకు విలువ కట్టునపుడు అందలి లోహము విలువనే లెక్కింపవలెను. రత్నములు, రాళ్లు మొదలైనవాని ధరను కలుపరాదు. అనగా నగపై ఎర్రగా, పచ్చగా, నీలముగా మెరయు మీనా రంగునకు కుదువ లెక్కలో విలువ సున్న.

ఈ సున్న ఉద్దానము వారికి చిన్న విషయము కాదు. సంతబొమ్మాళి మొదలు పలాస, ఆపై తీరము వెంబడి ఉన్న పల్లెలలో ఇంటి బంగారము అలంకారమైనంతగా ఆపద్ధనము కూడ. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమునే తాకి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చినది. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు ఇల్లు గడుపుటెట్లు? ఇక మూత్రపిండముల వ్యాధి సంగతి చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. ఐనను రోగిని తిప్పుకొను ప్రయాణపు ఖర్చులు, తోడు వెళ్లిన వాని కూలి పోయిన దినములు ఇంటివారి మీదనే పడును. అట్టి వేళలలో పెట్టెలో నుండి మొదట బయటికి వచ్చునది ఇల్లాలి నగయే.

మన పల్లెలలో మీనా అను మాట విననివారు సైతము దానిని ధరించుచునే యున్నారు. వెండి పట్టీలపై వరుసగా కనబడు ఎర్రని, పచ్చని పూవులు, చెవిదుద్దుపై నెమలి మెడలోని నీలిమ, మెడలోని బిళ్లపై రంగులు అన్నియు ఆ జాతివే, లేక ఆ జాతికి అనుకరణలు. అసలుకును అనుకరణకును గల భేదము తెలిసినగాని వెల సంగతి తేలదు.

అసలు మీనా యనగా రంగుపూత కాదు, గాజు. ఇసుక, సీసము, సోడా, వెలిగారము మొదలైనవానిని కలిపి కరిగించిన గాజులో లోహభస్మములను చేర్చినచో రంగులు పుట్టును. కోబాల్టు నీలమును, రాగి ఆకుపచ్చను, మాంగనీసు ఊదాను, తగరము తెలుపును ఇచ్చును. కొన్ని గులాబి, కెంపు రంగులకు మూలము స్వయముగా బంగారమే. ఆ గాజును మెత్తగా నూరి, నీటితో తడిపి, నగపై ఉలితో చెక్కిన సన్నని పల్లములలో నింపి కొలిమిలో పెట్టుదురు. అది సుమారు 750 మొదలు 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కరగి లోహమునకు అంటుకొనును. మేలిమి బంగారము 1064 డిగ్రీల వద్ద, శుద్ధమైన వెండి 962 డిగ్రీల వద్ద కరగును. ఈ రెంటికి నడుమ గల ఎడములోనే పనివాని నేర్పు అంతయు ఉన్నది. ఎక్కువ వేడిమిని సహించు రంగులను ముందు, తక్కువ వేడిమిని సహించు వానిని తరువాత కాల్చవలెను, ఎరుపు కడపటిది. అది ఏమాత్రము మాడినను అంతకుముందు పడిన శ్రమయంతయు వృథా. పలుమారులు కాల్చిన పిమ్మట నగను సానబట్టి, చింతపండు వంటి పులుపుతో కడిగి మెరుగు తెచ్చుదురు. లోహము, గాజు చల్లారునపుడు ఒకే తీరున ముడుచుకొనవు. అందుచే పలుచని రేకునకు ఒక ప్రక్కనే గాజు పోసినచో రేకు వంగి గాజు బీటలు వారును. వెనుక వైపున కూడ మీనా వేయుటకు ఇదియు ఒక కారణము. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు వ్యాకోచ సంకోచముల పాఠములో ఇంతకంటె అందమైన ఉదాహరణము దొరకదు!

మీనా అను మాట పారసీకము. రాజా మానసింహుడు 16వ శతాబ్దమున లాహోరు నుండి పనివారిని తన రాజ్యమునకు రప్పించెననియు, జయపురపు మీనాకు అదియే నాంది యనియు సంప్రదాయము చెప్పును. మొగలాయి కొలువుల అభిరుచి దక్కనుకును వ్యాపించినది. మన తెలుగుదేశమున దీనికి ఘనమైన సాక్ష్యము నిజాము నగలు. ముందు వైపు వజ్రములు, కెంపులు, పచ్చలు. వాని వెనుక, ధరించినవారికి తప్ప ఇతరులకు కనబడని చోట, మీనా పూలు, లతలు! ఆ నగలను నిజాము 1951, 1952 సంవత్సరములలో ఏర్పరచిన ధర్మకర్తల సంస్థలకు అప్పగించెను. చిరకాల వివాదము పిమ్మట భారత ప్రభుత్వము 1995లో 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001, 2006 సంవత్సరములలో సాలార్‌జంగ్ మ్యూజియములో ప్రదర్శింపగా జనులు చూచి వచ్చిరి. ఆ నగలను కరగించి తూకము వేసి వెల కట్టవలెనని అన్నచో నవ్విపోదురు. టెక్కలిలో కుదువకు వచ్చు పాత బిళ్లకు మాత్రము వేరు వెల కట్టువారు లేరు. తారతమ్యము పనితనములో మాత్రమే ఉన్నదనుకొనుట అమాయకత్వము. ధరించిన వాని అంతస్తు కూడ వెలలో చేరుచున్నది.

ఇప్పటి నగల సంగతి మరియొక తీరు. నేడు మీనా పేరిట అమ్ముడగుచున్న వానిలో పెక్కింటికి కొలిమితో పరిచయమే లేదు. ఎపాక్సీ అను ప్లాస్టిక్ జాతి జిగురులో రంగు కలిపి, పల్లములలో చుక్కలుగా వేసి, కొద్దిపాటి వేడిమిలో ఆరబెట్టుదురు. వ్యాపారులు దీనిని చల్లని మీనా యందురు. చౌకగా, త్వరగా తయారగు వస్తువు. చిన్న నగలకు దానిని వాడుట నేరము కాదు, చెప్పి అమ్మినంతవరకు. తెగిన పట్టీని అతుకుటకై కంసాలి ఊదుగొట్టముతో మంట తాకించిన నాడు ఆ రంగు నల్లబడి మాడిపోవును. గట్టిగా నేలపై పడినపుడు అసలు మీనా గాజువలె పెచ్చులూడును. జిగురు రంగు ఏండ్ల వాడుకలో గీతలుపడి మసకబారును.

అసలైనను అనుకరణయైనను ఆ రంగునకు బరువున్నది. చిక్కు అంతయు ఇక్కడ. 12 గ్రాముల దుద్దులలో ఒక గ్రాము రంగు ఉన్నదనుకొందము. పది గ్రాముల మేలిమి బంగారము ధర 2025 ఏప్రిల్‌లో లక్ష రూపాయలను తాకినది. ఆ ధరకు 22 క్యారట్ల బంగారము గ్రామునకు సుమారు 9,160 రూపాయలు. దుకాణములో 12 గ్రాములకును బంగారపు ధర కట్టి, తరుగు, మజూరి దానిపైననే వేసినచో కొన్నవారు ఒక గ్రాము గాజునకు తొమ్మిది వేలకు పైగా చెల్లించినట్లే. అదే నగ కుదువకు పోయినపుడు 11 గ్రాములే లెక్కకు వచ్చును. కుదువ పెట్టుకొనువారు గాజును బంగారముగా లెక్కింపకపోవుట న్యాయమే. అన్యాయము జరిగినచో అది కొన్ననాడే జరిగినది. బయటపడుట మాత్రము కష్టకాలమున.

దీనికి చట్టములో ఉపాయము లేకపోలేదు. 2021 జూన్ 16 నుండి బంగారు నగలపై హాల్‌మార్కు ముద్ర జిల్లాల వారీగా నిర్బంధమగుచు వచ్చినది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరముల గుర్తింపు సంఖ్య కూడ ఉండవలెను. వెండికి 2025 సెప్టెంబరు 1 నుండి ఇట్టి సంఖ్యతో ముద్ర అందుబాటులోనికి వచ్చినను అది ఐచ్ఛికమే. ముద్ర లోహము మేలిమిని చెప్పును. రంగు బరువును చెప్పదు. ఆ పని బిల్లుది. ముద్రపడిన నగ బిల్లులో నగ వివరము, లోహము నికర బరువు, మేలిమి, ముద్ర రుసుము వేరువేరుగా చూపవలెనని నియమమున్నది. ఐతే కుందన్, పోల్కీ, జడావు నగలను నిర్బంధ ముద్ర నుండి 2021లోనే మినహాయించిరి. లక్కతో, రాళ్లతో నిండిన నగలకు మేలిమి పరీక్ష కష్టమన్న మాట నిజమే. కాని ఎక్కడ లోహము తక్కువగా, ఇతర పదార్థము ఎక్కువగా ఉండునో అక్కడనే కొనువారికి అండ లేకుండ పోయినది. ఈ మినహాయింపును సవరించి, ముద్ర లేకున్నను నికర బరువు వ్రాసిన బిల్లునైనను నిర్బంధము చేయుట అవసరమని నా అభిప్రాయము.

ధర పెరిగినకొలది పాత నగలు మూసలోనికి పోవుట హెచ్చును. మూసలో బంగారము మిగులును. మీనా చిట్టెమై పైకి తేలును, దానిని తీసి పారవేయుదురు. నూరేండ్లు దాటిన కళావస్తువుల ఎగుమతిని 1972 నాటి పురావస్తు చట్టము అదుపులో పెట్టినది. ఇంటిలోని పాత నగను మార్చుకొనబోవు ఇల్లాలికి అది ఏమియు చెప్పదు. ఆమెకు డబ్బు అవసరము. కళను కాపాడుమని ఆమెకు ఉపదేశించుట సులభము, అప్పు తీర్చుట కష్టము. కనుక అమ్మకము కంటె కుదువ మేలగు సందర్భములలో ఆ కుదువ న్యాయముగా జరుగుటయే పాత నగకు మిగిలిన రక్ష.

రిజర్వు బ్యాంకు ఆదేశములు ఈ విషయమున కొంత ఆదుకొనునవి. నగను పరీక్షించునపుడు అప్పు తీసికొనువారు ఎదుట ఉండవలెను. మొత్తము బరువు, నికర బరువు, మేలిమి, రాళ్లు, లక్క మొదలైనవానికి తీసివేసిన బరువు, నగకు ఏదైన దెబ్బ ఉన్నచో దాని వివరము ధ్రువపత్రములో వ్రాసి, నగ ఛాయాచిత్రమును చేర్చవలెను. రంగు పెచ్చు ఊడినది కుదువకు ముందా, తరువాతనా అన్న తగవు ఆ చిత్రముతో తీరును. షరతులు ఆ ప్రాంతపు భాషలోనో, అప్పు తీసికొనువారు కోరిన భాషలోనో తెలుపవలెను. చదువు రానివారికి ముఖ్యమైన షరతులను ఒక సాక్షి ఎదుట వివరింపవలెను. ఆ సాక్షి అప్పు ఇచ్చు సంస్థ ఉద్యోగి కారాదు. సంతబొమ్మాళి పల్లెలలో అట్టి సాక్షిగా పిలువదగినవారు తరచుగా బడిపంతులో, పై తరగతులు చదువుచున్న ఇంటి పిల్లవాడో. సంతకము చేయుటకు ముందు వారు చూడవలసిన అంకెలు రెండు: మొత్తము బరువు, నికర బరువు. వాని భేదము దుకాణపు బిల్లులోని భేదముతో సరిపోవుచున్నదా, అసలు ఆ బిల్లులో రెండవ అంకె ఉన్నదా అన్నది ఇంటికి వచ్చిన పిమ్మట చూడవచ్చును.